కర్చీఫ్ వేసిన సీటు

బస్సు ఇంకా స్టాండులోకి పూర్తిగా రాకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టడం మనవైపు పుట్టిన ప్రతివాడికీ ఉగ్గుపాలతో అబ్బిన విద్య. కర్చీఫ్ లేనివాడు తువ్వాలు వేస్తాడు. తువ్వాలు లేనివాడు నోటుపుస్తకం వేస్తాడు. అదీ లేనివాడు పక్కన ఏ పిల్లాడు కనిపిస్తే వాణ్ణి ఎత్తి కిటికీలోంచి లోపలికి తోసేస్తాడు. తర్వాత తీరిగ్గా సామాను సంగతి చూసుకుని, సోడా తాగి, దర్జాగా వచ్చి కూర్చుంటాడు. చట్టం దీన్ని ఒప్పుకుంటుందో లేదో నాకు తెలియదు గాని లోకం ఒప్పుకుంది. ఎంత జగడాలమారి అయినా సీటు మీద కర్చీఫ్ చూస్తే ఒక్క క్షణం ఆగుతాడు.

ఇంత చిన్న సంగతి, రెండేళ్ళు కంప్యూటరు చదువు వెలగబెట్టిన నాకు సమయానికి తట్టలేదు. సావనీరుకి సరదాగా ఏదైనా రాయమన్నారు మిత్రులు. సరదాగానే మొదలుపెట్టాను గాని ఇది అంత సరదా అయిన కథ కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

2023లో నేను ఎం.సి.ఎ. రెండో సంవత్సరంలో ఉండగా, హాస్టల్ సీట్ల కేటాయింపు అంతా కంప్యూటరు మీద జరిగేటట్టు పేజీలు తయారుచేసే పని నాకూ, నా క్లాసువాళ్ళిద్దరికీ ప్రాజెక్టుగా ఇచ్చారు. దరఖాస్తు, మార్కుల జాబితా, ఫీజు చలానా, వెయిటింగ్ లిస్టు వగైరా మొత్తం పదకొండు మెనూలు. మేం ముగ్గురం రాత్రిళ్ళు లాబ్‌లో కూర్చుని టీలు తాగి చేసిన ఘనకార్యం. రంగులు బాగున్నాయని అందరూ మెచ్చుకున్నారు. మార్కులు కూడా బాగానే పడ్డాయి.

ఆగస్టులో సీట్లు వచ్చినవాళ్ళందరికీ ఫోనుకి ఒక సందేశం పంపాం. ‘మీకు సీటు కేటాయించబడింది. ఈ కింది లింకు నొక్కి శుక్రవారం సాయంత్రం 5 గంటలలోగా అంగీకారం తెలపండి. తెలపనిచో సీటు తదుపరి అభ్యర్థికి ఇవ్వబడును.’ ఆ ‘ఇవ్వబడును’ కూడా మనిషి చేసేది కాదు. ఐదు కొట్టగానే దానంతటదే జరిగిపోయేటట్టు నేనే రాశాను. అప్పట్లో అదొక గొప్ప.

సందేశంలో ఉన్న లింకు నేరుగా అంగీకారం పేజీకి వెళ్తుంది. అయితే ఆ పేజీ ఎవరు పడితే వాళ్ళు చూసేది కాదు కనుక ముందు లాగిన్ అడుగుతుంది. పేరూ పాస్‌వర్డూ ఇస్తే లోపలికి రానిస్తుంది. ఇంతవరకు సవ్యంగానే ఉంది. తేడా ఎక్కడ వచ్చిందంటే, లోపలికి రానిచ్చిన తర్వాత మనిషిని ఎక్కడికి పంపాలి అన్నచోట నేను ఒకే ఒక్క వరస రాశాను. ‘హోమ్ పేజీకి పంపు’ అని. ఎవరొచ్చినా, ఏ పని మీద వచ్చినా హోమ్ పేజీయే. అక్కడ పదకొండు మెనూలున్నాయని చెప్పాను కదా, వాటిలో అంగీకారం పేజీ లేదు. సందేశంలో లింకు ఎలాగూ ఉంది కదా, మళ్ళీ మెనూ ఎందుకు అనుకున్నాను.

దీన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఒకాయన మీ ఇంటికొచ్చి, ‘మీ నాన్నగారితో పొలం కాగితాల గురించి మాట్లాడాలి’ అన్నాడు. మీరు గుమ్మంలోనే ఆపి, ‘అసలు తమరెవరు?’ అన్నారు. ఆయన ఊరూ పేరూ చెప్పుకున్నాడు. మీకు నమ్మకం కుదిరింది. ‘దయచేయండి’ అని లోపలికి తీసుకొచ్చి వసారాలో నిలబెట్టి, ఎందుకొచ్చాడో పూర్తిగా మరిచిపోయి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. నేను చేసింది అక్షరాలా అదే.

మరిచిపోవడం వెబ్‌కి పుట్టుకతో వచ్చిన గుణం అని మా మాస్టారు పాఠంలో చెప్పారు. పరీక్షలో నేను రాశాను కూడా. బ్రౌజరు ఒక పేజీ అడుగుతుంది, సర్వరు ఇస్తుంది, అక్కడితో పరిచయం సమాప్తం. మరుక్షణం అదే మనిషి ఇంకో పేజీ అడిగితే సర్వరుకి అతను కొత్త మనిషే. ఈ ఇబ్బంది తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు కుకీ అనేదాన్ని కనిపెట్టాడు. మన మెస్సు టోకెను లాంటిదే. సర్వరు ఒక చీటీ ఇస్తుంది, బ్రౌజరు ప్రతిసారీ ఆ చీటీ చూపిస్తుంది, ‘ఓహో, ఇందాకటాయనే’ అని గుర్తుపడుతుంది. అయితే ఈ చీటీ మనిషి ఎవరో చెబుతుంది. ఏ పని మీద వచ్చాడో మనం విడిగా రాసి పెట్టుకోకపోతే దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

అంగీకారం పేజీ అడిగినవాడికి సర్వరు 302 అనే అంకె వేసి, ‘లాగిన్ పేజీకి వెళ్ళండి’ అంటుంది. సరిగ్గా ఆ క్షణంలో దానికి తెలుసు, వచ్చినవాడు ఏ పేజీ కోసం వచ్చాడో. అప్పుడు కర్చీఫ్ వేస్తే వేసినట్టు, లేకపోతే బస్సు వెళ్ళిపోయినట్టే. ఇంకా సిగ్గుపడవలసిన సంగతి ఏమిటంటే, మేం వాడిన జాంగో అనే సాధనం ఈ కర్చీఫ్ తనే వేసి ఇస్తుంది. లాగిన్ పేజీకి పంపేటప్పుడు చిరునామా చివర ‘నెక్స్ట్’ అనే పేరుతో, వచ్చిన పేజీ ఏదో తగిలించి మరీ పంపుతుంది. వాళ్ళ లాగిన్ పేజీ వాడుకుంటే దాన్ని చూసి వెనక్కి కూడా తనే పంపును. కాని ఆ లాగిన్ పేజీ రంగులు నాకు నచ్చక నేనే సొంతంగా ఇంకోటి రాశాను. వాళ్ళు వేసిచ్చిన కర్చీఫ్‌ని తీసి అవతల పారేశానన్నమాట.

మరి పరీక్షించి చూసుకోలేదా అంటారు. చూసుకున్నాను, నూరుసార్లు చూసుకున్నాను. కాని ప్రతిసారీ ముందు లాగిన్ అయి, తర్వాత తిరిగాను. ఇల్లు కట్టినవాడు ఎప్పుడూ సింహద్వారంలోంచే వస్తాడు. మేం సందేశం పంపి అందరినీ పెరటి గుమ్మానికి రమ్మన్నాం, ఆ గుమ్మంలోంచి నేను ఒక్కసారైనా నడిచి చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లు మొదలయ్యాయి. సహాయం కోసం ఇచ్చిన నంబరు నాదే. ‘లింకు పనిచెయ్యడం లేదన్నయ్యా.’ నాకు సమాధానం సిద్ధంగా ఉంది. ‘లాగిన్ అయ్యాక అలాగే ఉండి, సందేశంలో లింకు ఇంకోసారి నొక్కు.’ నొక్కితే పనిచేసేది. అప్పటికి లోపల ఉన్నాడు కనుక నేరుగా వెళ్ళిపోయేవాడు. ఇలా ఓ పాతికమందికి చెప్పి, సమస్య పరిష్కరించేశానని కూడా సంతోషించాను. అది సమస్య అని నాకు తట్టలేదు. పిల్లలకి తెలియక అడుగుతున్నారు అనుకున్నాను.

శనివారం పొద్దున్నే హాస్టల్ ఆఫీసు మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సాలూరు దగ్గర ఒక పల్లె. జీడితోటలో పని. కూతురు ఎమ్మెస్సీ బోటనీలో చేరింది, క్లాసులు మొదలయ్యాయని ముందే వచ్చి, ఊరి చివర చుట్టాలింట్లో ఉంటోంది. దరఖాస్తులో ఇచ్చిన నంబరు తండ్రిది కావడంతో సందేశం ఆయన ఫోనుకి వెళ్ళింది. దరఖాస్తు పెట్టిన నెట్ సెంటరుకే వెళ్ళి, రసీదు వెనక రాసి ఉన్న పేరూ పాస్‌వర్డూ చూపించి పని చేయించుకోబోయాడు. కాలేదు. మర్నాడు మొదటి బస్సెక్కి వచ్చేశాడు.

“ఏటి బాబూ, లోపలికి రానిస్తంది, మళ్ళీ గుమ్మంలోకే తెచ్చి నిలబెడతంది” అన్నాడు.

ఇంతకంటే స్పష్టంగా ఆ తప్పుని ఇప్పటికీ నేను చెప్పలేను. అప్పుడు నేనేమన్నానో రాయడానికి కలం ముందుకి పోవడం లేదు. “సైటు బాగానే ఉందండీ. మీరు సరిగ్గా చూసుండరు. అందరికీ పనిచేసింది కదా” అన్నాను. ఆయన వాదించలేదు. “అవును బాబూ, మాకేటి తెలుస్తాది” అన్నాడు. సీటు అప్పటికే వెయిటింగ్ లిస్టులో తర్వాతి అమ్మాయికి వెళ్ళిపోయింది. ఆఫీసులో అడిగితే, కంప్యూటరు ఇచ్చేసింది, మా చేతుల్లో లేదన్నారు. ఆయన కాసేపు నిలబడి, కూతుర్ని చూసి వెళ్తానని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఎందుకో నిద్రపట్టక లాబ్‌కి వెళ్ళి సర్వరు లాగ్ తెరిచాను. ఎవరు ఏ నిమిషాన ఏ పేజీ అడిగారో అందులో వరసగా ఉంటుంది. ఆ అమ్మాయి పేరుతో వెతికాను. మూడు గంటల పన్నెండు నిమిషాలకి అంగీకారం పేజీ అడిగారు. లాగిన్‌కి పంపింది. సరైన పాస్‌వర్డు ఇచ్చారు. హోమ్ పేజీకి పంపింది. తర్వాత ఒక్కొక్క మెనూ నొక్కుతూ మొత్తం పదకొండూ చూశారు. లాగౌట్. మళ్ళీ అంగీకారం పేజీ, మళ్ళీ లాగిన్, మళ్ళీ హోమ్. లాగౌట్. ఇలా ఏడుసార్లు. చివరిది నాలుగూ యాభై ఒకటికి. నెట్ సెంటరు కుర్రాడు బుద్ధిమంతుడు, ‘మొదట్నించి చేద్దాం’ అని ప్రతిసారీ లాగౌట్ చేశాడు. చెయ్యకుండా ఉండి లింకు ఇంకోసారి కొట్టి ఉంటే పని అయిపోయేది. పని అయ్యాక లాగౌట్ చేయడం మరవకండి అని ఎర్రక్షరాలతో హోమ్ పేజీలో రాసింది నేనే. నా నంబరుకి ఫోను చేసే ఉంటాడు, ఆ మధ్యాహ్నమంతా అది ఎంగేజే.

ఏడుసార్లూ పాస్‌వర్డు సరిగ్గానే ఇచ్చాడు. ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు.

సోమవారం మాస్టారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టలేదు. “సరే, ముందు బాగుచెయ్యి, తర్వాత ఏడుద్దువుగాని” అన్నారు.

బాగుచేయడం ఒక పూట పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. మొదట నాకు తట్టిన చిట్కా రెఫరర్. మనిషి ఏ పేజీ నుంచి వచ్చాడో బ్రౌజరు సాధారణంగా ఒక మాట చెబుతుంది. (1996లో అచ్చయిన హెచ్.టి.టి.పి. 1.0 పత్రంలో ఈ మాట స్పెల్లింగులో ఒక ‘ఆర్’ పడిపోయింది. అందరూ అలాగే వాడేశారు కనుక ఇప్పటికీ అదే తప్పుతో చెలామణీ అవుతోంది. అచ్చుతప్పులకి మన సావనీరు సంపాదకులు బెంగపెట్టుకోనక్కరలేదు.) కాని లాగిన్ ఫారం నింపి పంపేసరికి ‘ఎక్కణ్ణించి వచ్చావు’ అంటే ‘లాగిన్ పేజీ నుంచి’ అంటుంది. ఫోను సందేశంలోంచి వచ్చినవాడికి వెనకాల ఏ పేజీ ఉండదు. కనుక అది పనికిరాలేదు.

అప్పుడు జాంగోవాళ్ళ నెక్స్ట్‌నే చేతపట్టాను. నా లాగిన్ ఫారంలో అది కనబడకుండా దాచిపెట్టి, పాస్‌వర్డు సరిపోయాక అక్కడికి పంపాను. పనిచేసింది. హాస్టల్లో స్నేహితుణ్ణి పిలిచి చూపించాను. వాడు మొదటిసారి పాస్‌వర్డు తప్పు కొట్టాడు, రెండోసారి సరిగ్గా కొట్టాడు. హోమ్ పేజీకి పోయింది! తప్పు పాస్‌వర్డుకి ఫారాన్ని మళ్ళీ చూపించేటప్పుడు కర్చీఫ్ మళ్ళీ వెయ్యలేదు నేను. తడబడేవాళ్ళకే కదా దారి చూపించడం ఎక్కువ అవసరం, సరిగ్గా వాళ్ళ దగ్గరే అది పోయింది. ఇంకొకడు లాగౌట్ పేజీ మీద నిలబడి లాగిన్ నొక్కాడు. వాణ్ణి నమ్మకంగా వచ్చినచోటికే, అంటే లాగౌట్‌కే పంపింది. లాగిన్, లాగౌట్, లాగిన్, లాగౌట్. వాడు నాలుగుసార్లు తిరిగి, “ఒరే, ఇది లాగిన్ కాదురా, గిరకతాడు” అన్నాడు. వడపోతలున్న జాబితా పేజీ నుంచి వచ్చినవాడికి చిరునామా సగమే తిరిగి వచ్చేది, మధ్యలో వచ్చే ‘అండ్’ గుర్తుని మూటకట్టి పంపకపోవడంవల్ల. ఇవన్నీ ఒక్కొక్కటే సరిచేశాను.

అన్నీ అయ్యాయనుకుని మాస్టారికి చూపించాను. “బాగుంది” అన్నారు. ఆ సాయంత్రమే ఆయన దగ్గర్నుంచి మెయిలు. ‘ఫీజు పేజీలో ఏదో తేడా కనిపిస్తోంది, ఒకసారి చూడు’ అని కింద లింకు. మన కాలేజీ చిరునామాతోనే మొదలయింది. నొక్కాను. మన లాగిన్ పేజీయే వచ్చింది. పాస్‌వర్డు ఇచ్చాను. ‘పాస్‌వర్డు తప్పు, మళ్ళీ ఇవ్వండి’ అంది. పొరపాటున తప్పు కొట్టాననుకుని మళ్ళీ ఇచ్చాను. తెరంతా పెద్ద అక్షరాలతో ‘దొరికావు’ అని వచ్చింది.

జరిగిందేమిటంటే, మాస్టారు ఆ లింకు చివర నెక్స్ట్ దగ్గర తన లాప్‌టాప్‌లో పెట్టిన ఒక పేజీ చిరునామా రాశారు. అది మన లాగిన్ పేజీకి అచ్చుగుద్దిన నకలు. నేను మొదటిసారి పాస్‌వర్డు ఇచ్చింది మన పేజీకే. మన పేజీ నన్ను గుర్తుపట్టి, చీటీలో ఏ చిరునామా ఉంటే అక్కడికి, మారుమాటాడకుండా, పంపేసింది. రెండోసారి ఇచ్చింది మాస్టారి పేజీకి. పైన అడ్రసు మారిందని చూసుకోలేదు. చూసుకుంటామా ఎప్పుడైనా?

“గుమ్మంలో కాపలావాడు చేతిలో పెట్టిన చీటీ ఎవరు రాశారని అడగకుండా మనిషిని అక్కడికి దిగబెట్టి వస్తే ఎలాగయ్యా?” అన్నారు మాస్టారు. “వచ్చినవాడు నిన్ను నమ్మి వెళ్తాడు. కాలేజీ పేరు చూసి నమ్ముతాడు.” ఇలాంటి లోపాలకి సి.డబ్ల్యు.ఇ. అనే జాబితాలో 601వ నంబరు అనీ, ఓవాస్ప్ సంస్థ 2010లోనూ 2013లోనూ ప్రకటించిన పది పెద్ద లోపాల్లో ఇది పదోది అనీ అప్పుడు చూపించారు. నా తప్పుకి నంబరు కూడా ఉందని తెలిసి కాస్త ఊరట కలిగిన మాట నిజం.

సరే, చిరునామా ఒక గీతతో మొదలైతేనే మన సైటులోది అని ఒప్పుకునేటట్టు మార్చాను. మాస్టారు రెండు గీతలు పెట్టి పంపారు. రెండు గీతలుంటే బ్రౌజరు దాన్ని వేరే సైటుగా తీసుకుంటుంది. రెండు గీతలు వద్దన్నాను. రెండోది వెనక్కి వాలిన గీత పెట్టారు. దాన్నీ బ్రౌజరు మామూలు గీతగానే లెక్కవేస్తుంది. ఇలా వారం రోజులు ఆయన దొంగ, నేను పోలీసు. చివరికి నా సొంత తెలివి కట్టిపెట్టి, జాంగోలోనే ఈ పని కోసం రాసిపెట్టిన పరీక్షని వాడుకున్నాను. నాకంటే ముందు ఎంతమంది మోసపోయి రాశారో అది.

ఒక్కటి మాత్రం ఈనాటికీ నాకు తృప్తిగా లేదు. కర్చీఫ్ సీటుని కాపాడుతుంది గాని, ఒళ్ళో పెట్టుకున్న సామాను కాపాడదు. అరగంట కూర్చుని ఫారం నింపినవాడు, పంపుదామని నొక్కేసరికి గడువు ముగిసి లాగిన్‌కి పోతే, తిరిగి ఆ పేజీకి అయితే వస్తాడు, కాని ఖాళీ ఫారం దగ్గరికి. రాసింది పోతుంది. పాస్‌వర్డు ఇవ్వగానే ఆ రాసినదాన్ని మనమే పంపేద్దామంటే, మధ్యలో మనసు మార్చుకున్నవాడి పరిస్థితి ఏమిటి? కనుక పది నిమిషాల గడువుని గంట చేశాం, రాస్తున్నది మధ్యమధ్యలో దాచేటట్టు చేశాం. ఇంతకంటే బాగా చేసే జూనియర్లు ఎవరైనా ఉంటే చెయ్యండి. కోడ్ డిపార్టుమెంటులోనే ఉంది.

సెప్టెంబరు ఆఖరికి అంతా సర్దుకుంది. అక్టోబరులో హాస్టల్లో ఒకమ్మాయి వేరే కోర్సుకి వెళ్ళిపోవడంతో ఒక సీటు ఖాళీ అయింది. మాస్టారు నా లాగ్ కాగితం పట్టుకుని వార్డెన్ మేడమ్ గారి దగ్గరికి వెళ్ళి మాట్లాడారు. బోటనీ అమ్మాయికి ఆ సీటు ఇచ్చారు. అప్పటిదాకా రోజూ రెండు బస్సులు మారి వచ్చేదట.

ఆ అమ్మాయికి నేనే చెప్పాలనిపించింది. కాంటీన్‌లో కనిపిస్తే కూర్చోబెట్టి, టీ చెప్పి, తప్పు మీ నాన్నగారిది కాదు, నాది అన్నాను. ఆయన్ని ఆ రోజు మెట్ల మీద ఏమన్నానో అది కూడా చెప్పాను. ఏడుసార్లు ప్రయత్నించాడని చెప్పాను.

“ఏడుసార్లా?” అంది. “నాన్న రెండుసార్లే చూశానన్నాడన్నయ్యా. నేను ఇంకోసారి చూడొచ్చు కదా అని కేకలేశాను కూడా.”

ఏం చెప్పాలో నాకు తోచలేదు.

“నెట్ సెంటరాయన ఒక్కోసారికీ పదేసి రూపాయలు తీసుకుంటాడు” అంది కాసేపాగి.

తర్వాత ఫోను తీసి బయటికి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే చెట్టు కింద నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. టీ అలాగే ఉండిపోయింది. గంట కొట్టేదాకా ఆగి, రెండు గ్లాసులూ తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టి క్లాసుకి వెళ్ళాను.